సూది విరగడం తప్పు కాదు, చెప్పకపోవడం తప్పు

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. తిరుపతి కొర్లగుంటలో ఉంటాం, ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. కింద కుడివైపు దవడ పన్ను నొప్పి చేస్తే దగ్గర్లోని ఒక డెంటల్ క్లినిక్‌లో రూట్ కెనాల్ చేయించి క్యాప్ వేయించుకున్నాను. మూడు సిట్టింగులు, మొత్తం 11,500 రూపాయలు, ఫోన్‌పేలో కట్టాను, బిల్లు ఇవ్వలేదు. క్యాప్ వేసి ఇప్పటికి పదహారు నెలలు. రెండో నెల నుంచే చిగురు వాయడం మొదలైంది. వెళ్లిన ప్రతిసారీ మాత్రలు రాసిచ్చి "సర్దుకుంటుందమ్మా" అనేవారు. పోయిన నెల మా తమ్ముడు వేరే డెంటిస్టు దగ్గరికి తీసుకెళ్తే ఆయన ఎక్స్‌రే తీసి, పంటి వేరులో సూది ముక్క విరిగి ఉండిపోయిందని, దాని కింద చీము పట్టిందని, పన్ను నిలవడం కష్టమని చెప్పారు. పాత డాక్టరును అడిగితే ముందు "అది నేను చేసింది కాదు" అన్నారు. రెండు రోజుల తర్వాత పిలిచి, 5,000 ఇస్తాను, ఇక నీకు ఏ ఫిర్యాదూ లేదని ఈ కాగితం మీద సంతకం పెట్టు అంటున్నారు. తమ్ముడు కేసు వేద్దామంటాడు. మా ఆయన "డాక్టర్లతో మనకెందుకు, ఇచ్చింది తీసుకో" అంటాడు. నన్నేం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఒక్క మాట. ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. మిగతాదంతా నిదానంగా మాట్లాడుకుందాం గానీ ఈ ఒక్కటి మాత్రం ఈ రోజు నుంచే గట్టిగా పట్టుకోండి. ఎందుకంటే "నాకు ఏ ఫిర్యాదూ లేదు, పూర్తిగా సెటిల్ అయింది" అని మీ చేత్తో సంతకం పెట్టాక, రేపు పన్ను పీకి కొత్తది పెట్టించుకోవడానికి ఎంత ఖర్చయినా అడిగే దారి దాదాపు మూసుకుపోతుంది.

రెండోది మీ పన్ను సంగతి. ఉత్తరమంతా కేసు గురించే రాశారు, చీము గురించి ఒక్క ముక్కలో ముగించారు. నాకు భయం వేసింది అక్కడే. కింది దవడ పంటి చీము అలాగే వదిలేస్తే దవడ కిందికి, నాలుక కిందికి, గొంతు దాకా పాకే ప్రమాదం ఉంది. ఎప్పుడైనా దవడ కింద గట్టిగా వాచినా, నోరు సరిగ్గా తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా, జ్వరం వచ్చినా తెల్లారే దాకా ఆగకుండా ఆ రాత్రికి రాత్రే రుయా ఆసుపత్రికో స్విమ్స్‌కో వెళ్లిపోండి. కేసులో సాక్ష్యం కావాలని వాపును అలాగే ఉంచుకునేవాళ్లను నేను చూశాను. అలా చేయకండి, సాక్ష్యాన్ని కాపాడుకోవడానికి వేరే దారులున్నాయి. వైద్యం మొదలుపెట్టే ముందు ఇంకోసారి స్పష్టంగా ఎక్స్‌రే తీయించి, దాని మీద మీ పేరూ తేదీ పడేలా చూసుకోండి. పన్ను పీకాల్సే వస్తే పీకిన పన్నును పారేయకుండా చిన్న డబ్బాలో వేసి ఇవ్వమని డాక్టరును ముందే అడగండి. అది మీ పన్నే, అడగడానికి మొహమాటం అక్కర్లేదు. అయితే పీకించే ముందు రూట్ కెనాల్‌లోనే ఎండీఎస్ (డెంటల్ పీజీ) చేసిన డాక్టరుకు ఒకసారి చూపించండి. విరిగిన ముక్కను మైక్రోస్కోప్ పెట్టి తీయడమో, పక్క నుంచి దారి చేసుకుని శుభ్రం చేయడమో కొన్నిసార్లు సాధ్యమవుతుంది. పన్ను దక్కితే అంతకంటే ఏం కావాలి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. కేసు వేయాలా వద్దా అన్నది ఒక విషయం మీద ఆధారపడి ఉంటుంది, అది మీకు నాకంటే బాగా తెలుసు. మీరు మిషన్ కుడతారు కదా. కుడుతూ ఉండగా సూది టక్కున విరుగుతుంది, ఎంత పనిమంతురాలికైనా విరుగుతుంది, జరీ అంచు మీదో నాలుగు మడతల మీదో పడితే విరగకుండా ఏమవుతుంది. అది మీ తప్పని ఎవరూ అనరు. కానీ విరిగిన కొస బ్లౌజు మడతలో ఉండిపోయిందని మీకు తెలిసి, తీయకుండా, కనీసం చెప్పకుండా, ఇస్త్రీ చేసి కస్టమర్ చేతికి ఇచ్చి డబ్బులు తీసుకుంటే? ఆ తర్వాత ఆమె గుచ్చుకుంటోందని వచ్చినప్పుడల్లా "కొత్త బట్ట కదా, సర్దుకుంటుంది" అంటే?

పంటి వేరులోకి పంపే ఆ సన్నని సూదిని వాళ్లు ఫైల్ అంటారు. వేరు దారి వంకరగా ఉంటే అది లోపల విరగడం డెంటల్ పుస్తకాల్లో రాసి ఉన్న విషయమే, మంచి డాక్టర్ల చేతుల్లో కూడా జరుగుతుంది. కాబట్టి "సూది విరిగింది" అన్న ఒక్క మాటతో వినియోగదారుల కమిషన్ ముందుకు వెళితే డాక్టరు తరఫు లాయరు ఆ పుస్తకాలే తెచ్చి చూపిస్తాడు, మీ కేసు బలహీనపడుతుంది. మీ కేసు బలమంతా ఆ తర్వాత జరిగినదాంట్లో ఉంది. విరిగిందని ఆ రోజు మీకు చెప్పారా? పెద్ద డాక్టరు దగ్గరికి పంపుతానని అన్నారా? వేరు నింపాక ఎక్స్‌రే తీశారా? తీసి ఉంటే అందులో ఆ ముక్క కనబడే ఉంటుంది, అంటే ఆయనకు తెలిసే క్యాప్ వేశారు. తీయకపోతే అదే ఒక లోపం, నింపాక చూసుకోవడం మామూలుగా అందరూ చేసే పని. ఇక పద్నాలుగు నెలలు వాపుతో తిరిగిన మనిషికి ఒక్క ఎక్స్‌రే తీయకుండా మాత్రలు మాత్రమే రాసివ్వడం, నా దృష్టిలో, సూది విరగడం కంటే పెద్ద తప్పు.

మా అమ్మ విషయం చెబుతాను, ఎందుకంటే ఈ తేడా నాకు అర్థమైంది అక్కడే. చాలా ఏళ్ల కిందట అమ్మకు కింద జ్ఞానదంతం తీశారు. మత్తు దిగింది గానీ కింది పెదవిలో కుడి సగం స్పర్శ తిరిగి రాలేదు. కాఫీ తాగుతుంటే పెదవి చివర నుంచి కారి గడ్డం మీదికి, చీర మీదికి పడేది, ఆమెకు తెలిసేది కాదు, పక్కన కూర్చున్న మేం చెబితే కొంగుతో తుడుచుకునేది. పెళ్లిళ్లకు వెళ్లినా నలుగురిలో కాఫీ ముట్టడం మానేసింది. నేను కోపంతో ఊగిపోయి కేసు వేస్తానన్నాను. తర్వాత తెలిసింది, ఆ పన్ను వేళ్ల పక్కనే నరం పోతుందని, జాగ్రత్తగా తీసినా కొందరికి అలా జరుగుతుందని. తీయడంలో తప్పు జరిగి ఉండకపోవచ్చు. కానీ అలా జరిగే అవకాశం ఉందని ముందుగా ఒక్కరూ చెప్పలేదు, చెప్పి ఉంటే అమ్మ ఆలోచించుకునేది. రోగికి ముందుగా వివరంగా చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలని సుప్రీంకోర్టు 2008లోనే సమీరా కోహ్లీ కేసులో స్పష్టంగా చెప్పింది. ఇదంతా నాకు తెలిసేసరికి గడువు దాటిపోయింది, చీటీలు ఎక్కడో పోయాయి. మీకు అలా జరగకూడదనే ఇంత పొడుగు రాస్తున్నాను.

చట్టం సంగతికి వస్తే, డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో వీపీ శాంత కేసులో తేల్చింది, డెంటిస్టులకూ అదే వర్తిస్తుంది. ఇదే పని సర్కారు ఆసుపత్రిలో అందరికీ ఉచితంగా చేసే చోట జరిగి ఉంటే ఈ దారి ఉండేది కాదు, మీరు డబ్బు కట్టారు కాబట్టి ఉంది. మీ తమ్ముడు ముందు పోలీస్ స్టేషన్‌కు వెళదామంటే మాత్రం ఆపండి. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో డాక్టరు మీద క్రిమినల్ కేసు నడవాలంటే మామూలు అజాగ్రత్త చాలదు, చాలా దారుణమైన నిర్లక్ష్యం ఉండాలని, పైగా ఇంకో డాక్టరు అభిప్రాయం కావాలని కోర్టు చెప్పింది. మీ విషయం అక్కడి దాకా వెళ్లేది కాదు. స్టేషన్ చుట్టూ తిరిగి అలసిపోయి, అసలు వేయాల్సిన కేసు వదిలేస్తారు.

గడువు రెండేళ్లు. ఇది చాలా ముఖ్యం. "నాకు ఎక్స్‌రేలో తెలిసింది పోయిన నెలే కదా, అప్పటి నుంచి రెండేళ్లు ఉంది" అని ఎవరైనా చెబితే నమ్మి కూర్చోకండి. గోవాలో పనిచేసే ఒక నర్సుకు 1993లో పిత్తాశయం ఆపరేషన్ జరిగితే కడుపులో గుడ్డ ఉండిపోయింది, 2002లో రెండో ఆపరేషన్‌లో బయటపడింది. ఆమె 2004లో కేసు వేస్తే, అన్నేళ్లు నొప్పి ఉన్నప్పుడు ముందే చూపించుకుని తెలుసుకుని ఉండాల్సిందని సుప్రీంకోర్టు 2010లో కొట్టేసింది. అంత స్పష్టమైన తప్పు ఉండి కూడా గడువు దగ్గర పోయింది. మీకూ రెండో నెల నుంచే వాపు ఉంది. కాబట్టి క్యాప్ వేసిన రోజు నుంచే లెక్క వేసుకోండి, ఇంకా ఎనిమిది నెలలు ఉన్నాయి, నా మాట వింటే మూడు నాలుగు నెలల్లో వేసేయండి.

ఇక కాగితాలు. బిల్లు లేదని దిగులు పడకండి. ఫోన్‌పేలో ఆ చెల్లింపులన్నీ తేదీతో సహా ఉంటాయి, బ్యాంకుకు వెళ్లి ఆ నెలల స్టేట్‌మెంట్ ముద్ర వేయించుకుని తెచ్చుకోండి. మాత్రలు రాసిచ్చిన చీటీలు ఎన్ని దొరికితే అన్ని, మందుల షాపు బిల్లులు, అపాయింట్‌మెంట్ కోసం క్లినిక్‌తో నడిచిన వాట్సాప్ మెసేజీలు, వాపు ఉన్నప్పుడు తీసుకున్న ఫొటోలు ఉంటే అవీ. వీటిలో నాకు అన్నిటికంటే విలువైనవిగా కనిపించేవి ఆ మాత్రల చీటీలు, ఎందుకంటే మీరు ఎన్నిసార్లు వెళ్లారో, ఆయన ప్రతిసారీ ఏం చేశారో ఆయన చేతిరాతతోనే ఉంది. ఫోను మార్చే ఆలోచన ఉంటే ఆగండి, ఆ మెసేజీలు పాత ఫోనులో ఉన్నవి ఉన్నట్టే ఉండాలి.

పాత క్లినిక్‌కు ఒక ఉత్తరం రాయండి, తెలుగులోనే, కోపం లేకుండా. "ఫలానా నెలలో మీ దగ్గర చేయించుకున్న రూట్ కెనాల్‌కు సంబంధించిన నా కేసు షీటు, మొదట తీసినవి, మధ్యలో తీసినవి, చివర తీసినవి అన్ని ఎక్స్‌రేల కాపీలు, నా చేత సంతకం పెట్టించుకున్న కాగితాలు ఉంటే వాటి కాపీలు ఇవ్వగలరు" అని, అంతే. స్పీడ్ పోస్టులో అందినట్టు రసీదు వచ్చేలా పంపి ఒక కాపీ మీ దగ్గర పెట్టుకోండి. తన రికార్డు అడిగే హక్కు రోగికి ఉంది. ఇస్తే నిజం తెలుస్తుంది. ఇవ్వకపోతే అడిగినా ఇవ్వలేదని చూపించడానికి ఆ రసీదు పనికొస్తుంది.

రెండో డాక్టరు దగ్గర మీకు ఇబ్బంది రావచ్చు. ఒకే ఊళ్లో ప్రాక్టీసు చేసుకునేవాళ్లు, ఇంకో డాక్టరు తప్పు చేశాడని రాసివ్వమంటే వెనక్కి తగ్గుతారు, అందులో వాళ్లను తప్పు పట్టలేం. అందుకే అలా అడగకండి. "మీరు చూసింది మాత్రం రాయండి సార్" అనండి. ఏ పన్ను, ఏ వేరు, అందులో ఏముంది, దాని కింద చీము ఎంత ఉంది, ఇప్పుడు ఏం చేయాలి, ఎంత ఖర్చవుతుంది. ఎవరి తప్పు అన్న మాటే రానక్కర్లేదు, చూసింది చూసినట్టు రాస్తే చాలు. ఆయన అదీ రాయనంటే రేణిగుంట రోడ్డులోని డెంటల్ కాలేజీకి వెళ్లండి, లేదా కడప ప్రభుత్వ డెంటల్ కాలేజీకి, లేదా మన జిల్లాల వాళ్లందరూ ఎక్కినట్టు చిత్తూరు మీదుగా వేలూరు బస్సెక్కి సీఎంసీ ఆసుపత్రిలో చూపించుకోండి, అక్కడ ఓపీ చీటీ మీదే అన్నీ రాసి ఉంటాయి. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని 2010లో కిషన్‌రావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అది హైదరాబాద్‌లో జరిగిన కేసే, మలేరియా జ్వరానికి టైఫాయిడ్ వైద్యం చేసిన కేసు. అయినా ఒక డాక్టరు రాత చేతిలో ఉంటే మీ మాటకు బలం వేరు.

కాగితాలు చేతికొచ్చాక వెంటనే కేసు వేయమని నేను చెప్పను. ముందు ఒక నోటీసు పంపండి, లాయరు ద్వారా అయితే మంచిది, పదిహేను రోజుల గడువు ఇచ్చి. కట్టిన 11,500 వెనక్కి, కొత్త వైద్యానికి అయ్యే ఖర్చు, పని పోగొట్టుకున్న రోజులు, పడిన బాధకు ఇంత అని స్పష్టంగా అడగండి. ఆయన 5,000 ఇస్తానని తనంతట తానే పిలిచారు, అంటే విషయం పెరగకూడదని ఆయనకూ ఉంది. కొత్త వైద్యం ఖర్చు మొత్తం, మీరు కట్టింది మొత్తం ఇస్తానంటే తీసుకుని ముగించడంలో ఏ ఓటమీ లేదు, అప్పుడు సంతకం పెట్టండి, అదీ డబ్బు అకౌంట్లో పడ్డాక.

ఒప్పుకోకపోతే తిరుపతిలోనే ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి. కట్టిన డబ్బు 5 లక్షల లోపు కాబట్టి ఫీజు ఏమీ లేదు. లాయరు లేకుండా మీరే వేయొచ్చు, చట్టం ఒప్పుకుంటుంది, కానీ వైద్యం కేసులో అవతల లాయరు ఉంటాడు కాబట్టి మీకూ ఒకరు ఉంటేనే మేలు. లాయరు ఫీజుకు భయపడకండి, మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, 15100కు ఫోన్ చేసి అడగండి. అసలు ఎలా మొదలుపెట్టాలో తెలియకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడా ఉంది. డెంటల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయడం వేరే సంగతి, అక్కడ ఆయన ప్రవర్తన మీద విచారణ ఉంటుంది గానీ మీకు రూపాయి రాదు. ఆయన ఇంకొకరికి ఇలా చేయకూడదన్నదే మీ మనసులో ఎక్కువగా ఉంటే అది కూడా పంపండి.

కష్టం గురించి దాచను. చట్టంలో నోటీసు అందిన మూడు నెలల్లో తేల్చాలని రాసి ఉన్నా వాయిదాల మీద వాయిదాలు పడతాయి, ఏడాది రెండేళ్లు పట్టినా ఆశ్చర్యపోకండి. వాయిదా రోజు మిషన్ ఆగుతుంది, పండగ సీజన్‌లో అయితే ఆ రోజు పోయే కూలి తక్కువేం కాదు. అవతలి లాయరు మీరు ఆలస్యంగా వచ్చారంటాడు, దారాలు పళ్లతో కొరుకుతారు కదా అని కూడా అడుగుతాడు. కొరికితే కొరుకుతానని చెప్పండి, అబద్ధం వద్దు. దారం కొరికేది ముందు పళ్లతో, సూది విరిగింది దవడ పన్ను వేరులో. ఇంత ఓపిక లేదనిపిస్తే నోటీసు దగ్గరే ఆపేసినా మిమ్మల్ని ఎవరూ తక్కువగా చూడరు. కానీ మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, మీరు ఆపేసే మనిషిలా నాకు అనిపించలేదు. నన్నడిగితే, నోటీసుకు సరైన జవాబు రాకపోతే వేయండి.

ఈలోగా క్లినిక్‌కు వెళ్లి గొడవ చేయడం, గూగుల్ రివ్యూలో తిట్టడం, కాలనీ వాట్సాప్ గ్రూపులో ఆయన ఫొటో పెట్టడం తమ్ముణ్ణి చేయనివ్వకండి. కోపంలో రాసిన ఒక్క మాట పట్టుకుని వాళ్లే మీ మీద ఎదురు కేసు అంటారు.

మీ ఆయన్ను కూడా తప్పు పట్టకండి. డాక్టరంటే భయం, కోర్టంటే అంతకంటే భయం, మనలాంటి ఇళ్లలో అది మామూలే. ఎక్స్‌రే తీయించుకోవడానికి వెళ్లేటప్పుడు తమ్ముణ్ణి కాదు, ఆయన్ను తీసుకెళ్లండి. లైటు ముందు ఆ ఫిల్ము పెట్టి, వేరు మధ్యలో తెల్లగా గీతలా కనబడే ఆ ముక్కను డాక్టరు చేతే ఆయనకు చూపించమనండి. ఇన్ని నెలలుగా మీరు సంగటి ముద్ద కూడా ఎడమ దవడకే తోసుకుని తింటున్నది దేని వల్లో ఆయన కళ్లతో చూస్తారు.

ఆ సెటిల్‌మెంట్ కాగితం క్లినిక్ వాళ్లు మీ చేతికి ఇచ్చి ఉంటే ఒక జిరాక్స్ తీసి ఫైలులో పెట్టుకోండి. ఇవ్వకపోతే "మా ఇంట్లో చూపించి చెబుతాను" అని వాట్సాప్‌లో పంపమని అడగండి.